నిద్రపోతూ కథ విన్న టీచరమ్మ

మా సండేస్కూలు టీచరమ్మ పోయారు. ఆ కబురు నాకు ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ దగ్గరున్న అభన్‌పూర్‌లో, నేను పనిచేసే బడిలో, మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చదివిస్తుండగా తెలిసింది. మా అమ్మ రాయపూర్ నుంచి బడి పక్కనున్న కిరాణా కొట్టుకి ఫోన్ చేసింది. కొట్టాయన గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఆప్‌కీ టీచర్ నహీఁ రహీఁ" అన్నాడు. పిల్లలు ఎక్కాలు ఆపి నా ముఖం చూశారు. టీచరుకి కూడా ఒక టీచరు ఉంటుందన్న సంగతి వాళ్లకి అప్పుడే తట్టినట్టుంది. నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రికీ బడికీ తిరిగి తిరిగి ఒళ్లు హూనమైపోయి ఉంది. మొదట వచ్చిన ఆలోచన, ఇక ఆవిడని ఎవరూ నిద్ర లేపరు కదా అని.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. పేరున్న మనిషి కాదు. నరసాపురం వైపు నుంచి పెళ్లికి ముందే నర్సు ఉద్యోగానికి ఇంత దూరం, రాయపూర్ వచ్చారు. ఇక్కడే రైల్వేలో పనిచేసే తెలుగాయన్ని చేసుకున్నారు. ఆయన తొందరగా పోయారు, పిల్లలు లేరు. సొంతూరు వెళ్లిపొమ్మని చుట్టాలు ఎంత చెప్పినా ఈవిడ కదల్లేదు. అడిగితే "మూటలు కట్టే ఓపిక లేక ఉండిపోయానే" అనేవారు. పెద్దాసుపత్రిలో సిస్టరు, ఆదివారం మా తెలుగు చర్చిలో సండేస్కూలు టీచరు. కాలనీలో పెద్దవాళ్లు సిస్టరమ్మ అనేవాళ్లు, మేం టీచరమ్మ అనేవాళ్లం.

నాకు గుర్తున్న టీచరమ్మ ఎప్పుడూ అలసిపోయే ఉండేవారు. శనివారం రాత్రి డ్యూటీ చేసి, ఆదివారం పొద్దున ఇంటికి పోకుండా తిన్నగా చర్చికి వచ్చేవారు. నలిగిన తెల్లచీర, భుజం మీద పిన్నీసు, ఆసుపత్రి లోషన్ వాసన. టీ ఇస్తే సాసర్లో పోసుకుని చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవారు. "అలిసిపోయారా టీచరమ్మా?" అని అడిగితే, "అలసట రోగం కాదే. అది నా ఉద్యోగం" అనేవారు. ఇప్పుడు నేను పొద్దున్నే చిన్నరైలు ఎక్కి అభన్‌పూర్ వెళ్లి, పొద్దుపోయి ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు ఆ మాట నా నోట్లోంచే వస్తుంటుంది.

మా తెలుగు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథలో ఆవిడ ఏం పోగొట్టుకోబోయారో మీకు అర్థం కాదు. మావన్నీ కోస్తా నుంచి రైల్వే ఉద్యోగాలకూ నర్సు ఉద్యోగాలకూ వచ్చిన క్రైస్తవ కుటుంబాలు. తాతల నాడు తెలుగే మాట్లాడారు. మా అమ్మానాన్నల నాటికి సగం హిందీ కలిసింది. మా నాటికి క్రియలు మాత్రం తెలుగువి మిగిలాయి. బడి హిందీ, బజారు హిందీ, ఆటలు ఛత్తీస్‌గఢీ. తెలుగు అక్షరం కనిపించేది ఒక్క ఆదివారం గంటసేపు, చర్చి వెనక గదిలో టీచరమ్మ నల్లబల్ల మీద. ఆ గంటని ఆవిడ తన ప్రాణంలా చూసుకునేవారు. బయటికి అనేవారు కాదు, కానీ ఆవిడకి ఇంట్లో మాట్లాడే మనిషి లేరని, వారమంతటిలో తెలుగు వినిపించేది ఆ గంటలోనే అని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఆ గంట మీదికి టీవీ వచ్చిపడింది.

ఆదివారం పొద్దున ఒక కొత్త సీరియల్ మొదలైంది. ఇక్కడి పల్లెల్లో ముసలివాళ్లు డోలు కొట్టుకుంటూ పాడే పాతకాలపు కోట కథలాంటిదే. పాటలో వీరులు మీసాలు మెలేసిన మగవాళ్లు, చివరికి అందరూ యుద్ధంలో చచ్చిపోతారు. టీవీ వాళ్లు ఆ వీరుల్ని పిల్లల్ని చేసేశారు. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల చిన్నాన్న కూతురు. ఒక మాయల రాణి కోటని పట్టుకుని, అందులో ఉన్న పెద్దవాళ్లందర్నీ రాతిబొమ్మలుగా మార్చేసింది. పిల్లలు ముగ్గురే మిగిలారు. వాళ్ల దగ్గర ఒక కత్తి ఉంది, పట్టుకున్నవాడు అబద్ధమాడితే అది బరువెక్కి చేతిలోంచి జారిపోతుంది. ఇంతకన్నా ఏం కావాలి మాకు? మా వరసలో టీవీ ఉన్నది మా ఇంట్లోనే. మా నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు, ఆదివారం పడుకుందామనుకున్న మనిషిని కాలనీ పిల్లలంతా తొక్కుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చునేవాళ్లు.

సండేస్కూలు ఖాళీ అయిపోయింది. ఒక ఆదివారం టీచరమ్మ ఖాళీ గదిలో కాసేపు కూర్చుని, లేచి, మా ఇంటికే వచ్చేశారు. మా అమ్మ హడలిపోయి టీవీ కట్టెయ్యబోయింది. "ఉండనీ. ఇదేంటో నేనూ చూస్తాను" అని గోడకి ఆనించిన స్టూలు మీద కూర్చున్నారు. మొదటి పాట అయిపోయేలోపే గురక. మేం మూతులకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. సీరియల్ అయ్యాక ఆవిడ కళ్లు తెరిచి, "నాకు ముక్క తెలీదు, పడుకున్నాను. ఏం జరిగిందో ఎవరన్నా చెప్పండర్రా" అన్నారు.

అందరం ఒక్కసారిగా ఎగబడ్డాం. మాలో గొంతు పెద్దది గుఢియారీ నుంచి వచ్చే ఒక పిల్లాడిది. "టీచరమ్మా, వో బడావాలా ఉన్నాడు కదా, వాడు తల్వార్ ఉఠాయించి కిలా దర్వాజా తోడేశాడు!" అన్నాడు, పెద్దవాడు కత్తి ఎత్తి కోట తలుపు విరగ్గొట్టాడని.

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "రాత్రంతా వార్డులో హిందీయే విన్నాన్రా. చెవులు నిండిపోయాయి, ఇంక పట్టదు. తెలుగులో చెబితే వింటాను. పదండి, చర్చికెళ్లి చెప్పుకుందాం."

అలా మొదలైంది. సీరియల్ అవగానే అందరం చర్చి వెనక గదికి నడిచేవాళ్లం. ఒకరు లేచి కథ మొదలుపెట్టాలి. హిందీ మాట దొర్లిందా, టీచరమ్మ దానికి తెలుగు అందించి, కథని పక్కవాళ్లకి ఇచ్చేసేవారు. కథ చేతిలోంచి పోవడం మాకు పెద్ద అవమానం. యుద్ధం సగంలో ఉండగా, సరిగ్గా రాణి పడబోతుండగా, నోరుజారి 'జాదూ' అన్నందుకు కథ పోగొట్టుకుని నేను ఏడ్చిన రోజులున్నాయి. మంత్రం, కోట, బురుజు, సొరంగం, కాపలా, శపథం, ద్రోహం. ఈ మాటలన్నీ నాకు అలాగే వచ్చాయి. వాటిని నల్లబల్ల మీద రాసి చదివించేవారు. చివర్లో లేచి చీర సర్దుకుని, "ఇప్పుడు దేవుడి వంతు" అని ఒక బైబిలు వాక్యం చెప్పించి పంపేసేవారు.

మేం కథ చెబుతుంటే కూడా ఆవిడ గోడకి తల ఆనించి కళ్లు మూసుకునే ఉండేవారు. నిద్రపోతున్నారని మేం గుసగుసగా 'దేఖ్, సో గయీ' అనుకుంటే మాత్రం కళ్లు తెరవకుండానే వేలు ఎత్తేవారు. ఒకసారి నేను ధైర్యం చేసి, "వింటున్నారా అసలు?" అని అడిగాను. "వినడానికే వస్తానే. పడుకోవడానికైతే నా ఇంట్లో మంచం లేదా?" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు వేళాకోళంగానే అనిపించింది.

సంఘ పెద్దలకి ఈ సంగతి తెలిసింది. వాళ్లలో గట్టిగా మాట్లాడే ఆయన రైల్లో గార్డుగా చేసి రిటైరైన గార్డుగారు. చెడ్డమనిషి కాదు. ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగేశారు. "సిస్టరమ్మా, దేవుడి గదిలో మంత్రగత్తెల కథలేంటండీ? పిల్లలకి హిందీయే వస్తుంది. హిందీలో వాక్యం చెబితే అర్థమవుతుంది కదా. తెలుగు తెలుగు అని మనం ఎన్నాళ్లు లాగుతాం చెప్పండి? వచ్చే ఏడాది నుంచి హిందీ సండేస్కూలు పెడదాం, కుర్ర టీచర్ని చూద్దాం. మీకూ విశ్రాంతి."

విశ్రాంతి అన్న మాట వినగానే టీచరమ్మ ముఖం ఎలా మారిందో నేను చూశాను. నేను పెద్దవాళ్ల కాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాలా నెమ్మదిగా, "వాళ్ల నాయనమ్మలకి హిందీ రాదండీ. ఈ పిల్లలు తెలుగు మర్చిపోతే ఆ ముసలమ్మలు ఎవరితో మాట్లాడతారు? క్రిస్మస్ దాకా ఆగండి. నాటకం తెలుగులో ఆడిస్తాను. నాయనమ్మలకి అర్థం కాకపోతే మీ ఇష్టం" అన్నారు. గార్డుగారు సరే అన్నారు. అంటే, ఆ గంట ఉండాలా పోవాలా అన్నది మా నోళ్ల మీద పెట్టేశారు.

అసలే మాకు నాటకమంటే పిచ్చి. అందులోనూ ఆ డిసెంబరులో టీచరమ్మకి ఆదివారం పగలు కూడా డ్యూటీలు పడ్డాయి. "కథ మీకు తెలిసిందే కదర్రా. మాటలు మీరే అల్లుకోండి" అని పోయేవారు. మేం అల్లుకున్నాం. మరియమ్మ, యోసేపు బేత్లెహేము వెళ్లాలి, సత్రంలో చోటు అడగాలి. చోటు అడగడానికి మాకు తెలుగు ఎక్కడుంది? మాకు వచ్చిన తెలుగంతా కోట ముట్టడించేది.

క్రిస్మస్ నాటకం రోజు చర్చి నిండిపోయింది. ముందు వరసలో ముసలమ్మలు, పక్కన గార్డుగారు. టీచరమ్మ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి ఒక మూల కూర్చున్నారు. గుఢియారీ పిల్లాడు యోసేపు. తలకి తువ్వాలు చుట్టుకుని సత్రం తలుపు దగ్గరికొచ్చి, చర్చి అదిరేలా, "ఒరేయ్ కాపలావాడా! తలుపు తీస్తావా, బద్దలుకొట్టమంటావా?" అన్నాడు.

సత్రంవాడు తగ్గలేదు. "ఎవడ్రా నువ్వు? నీ సైన్యం ఎంత?"

"నేనూ, నా భార్యా, ఒక గాడిద!"

మరియమ్మని నేనే. సీరియల్లో చిన్నాన్న కూతురు అన్నట్టే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వెనక్కి తగ్గకు. ప్రాణం పోయినా నీ వెంట ఉంటాను" అన్నాను. బాబుకి కానుకలు తెచ్చే జ్ఞానుల్లో మూడోవాడికి తన కానుక పేరు, బోళం అన్న మాట, గుర్తు రాలేదు. వాడు కాసేపు తికమకపడి, నడుముకున్న చెక్క కత్తి తీసి తొట్టె ముందు పెట్టి, "ఈ కత్తి మీ బాబుకి. అబద్ధమాడితే బరువెక్కుతుంది" అన్నాడు.

నవ్వులు మొదలయ్యాయి. మా నాయనమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆవిడ కొన్నేళ్లుగా ఇంట్లో మేం మాట్లాడుకునేది సగం అర్థంకాక గుమ్మంలో కూర్చునేది. ఆ రోజు పక్కావిడ భుజం పట్టుకుని, "విన్నావా వదినా, మా మనవరాలు! ఎంత పొగరుగా మాట్లాడిందో విన్నావా!" అంటోంది. గార్డుగారు నవ్వి నవ్వి దగ్గు తెరవచ్చి, నీళ్లు తాగి లేచారు. "తెలుగు వచ్చింది. అందులో అనుమానం లేదు. ఆ యోసేపుని మాత్రం కాస్త శాంతపరచండి సిస్టరమ్మా" అన్నారు.

టీచరమ్మ నవ్వలేదు. మా దగ్గరికొచ్చి ఒక్కొక్కళ్ల తల నిమిరి, "ఇంకొంతకాలం దొరికిందర్రా. పోయి అన్నాలు తినండి" అన్నారు. రెండో చేతి గుప్పిట్లో చీర కొంగు నలిగి ముద్దయిపోయి ఉంది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ ఎంత భయపడ్డారో. ఇన్నేళ్లలో నేను ఆవిడని ఎక్కువగా ప్రేమించిన క్షణం అదే.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ కథలు టీవీలో ఆగినట్టు ఆగవు కదా. సీరియల్ అయిపోయింది. కోట పిల్లలకి దక్కింది, రాతిబొమ్మలు మనుషులయ్యాయి. తరువాత ఆదివారం వేరే ఏదో వచ్చింది, అది మాకు నచ్చలేదు. అప్పటికి ఇంటింటికీ టీవీ వచ్చేసింది, ఎవరింట్లో వాళ్లు చూసుకున్నారు. మాకు ట్యూషన్లు మొదలయ్యాయి. కొందరి నాన్నలకి బదిలీలయ్యాయి. మా నాయనమ్మ పోయింది, మిగతా ముసలమ్మలూ ఒక్కొక్కరే పోయారు. ఏ ముసలమ్మల పేరు చెప్పి టీచరమ్మ ఆ గంట నిలబెట్టారో వాళ్లే లేకుండా పోయాక, ఆవిడ వాదించడానికి ఏం మిగిలింది?

ఆవిడ రిటైరైన ఏడు సండేస్కూలు హిందీలోకి మారింది. ఎవరూ గొడవపడలేదు, ఆవిడ కూడా. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఉక్రోషంతో వెళ్లి, "ఒప్పుకున్నారా?" అని అడిగాను. "ఓపిక లేదే" అన్నారు. మళ్లీ తనే, "వాళ్ల తప్పేం లేదు. పిల్లలకి దేవుడు అర్థం కావాలి కదా" అన్నారు. అయినా ప్రతి ఆదివారం వచ్చేవారు. హిందీ టీచరు వచ్చేలోపు చాపలు పరిచేవారు. పిల్లల ముక్కులు తుడిచేవారు. పాఠం మొదలయ్యాక వెనక కూర్చుని తల గోడకి ఆనించేవారు. ఇప్పుడు నిజంగానే నిద్రపోయేవారు.

ఈ ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు. మాట పోలేదు, కానీ హిందీ పోయింది. నలభై ఏళ్లు ఆ వార్డుల్లో ఆవిడ మాట్లాడిన హిందీ అంతా ఒక్కరోజులో తుడిచిపెట్టుకుపోయింది. డ్యూటీలో ఉన్న నర్సు పిల్లలు "అమ్మా, దర్ద్ హై? పానీ?" అని నొప్పి సంగతీ నీళ్ల సంగతీ అడిగితే వాళ్ల వంక వెర్రిగా చూసేవారట. ఏదో అడిగేవారట, వీళ్లకి అర్థమయ్యేది కాదు. ఆవిడ విసుక్కుని కళ్లు మూసుకునేవారట. మూడోరోజున ఎవరో చర్చికి కబురు పంపారు, తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మని.

చర్చిలో తెలుగు వచ్చినవాళ్లు ఎవరున్నారు? మేమే. యోసేపు ఇప్పుడు పండరీలో బట్టల హోల్‌సేల్ కొట్టులో పనిచేస్తున్నాడు, పొద్దున కొట్టు తెరవకముందు వచ్చి కూర్చునేవాడు. సత్రంవాడు మధ్యాహ్నం. నేను బడి నుంచి రైలు దిగి నేరుగా ఆసుపత్రికి. మాకు ఒకరికొకరం చెప్పుకోవాల్సిన పనిలేకుండానే వంతులు కుదిరిపోయాయి. నీళ్లు కావాలన్నారనీ, కాలు తిమ్మిరెక్కిందన్నారనీ మేం నర్సులకి హిందీలో చెప్పేవాళ్లం. ముసలమ్మలు ఎవరితో మాట్లాడతారని ఆ రోజు గార్డుగారిని అడిగినప్పుడు ఆవిడ తన గురించి అనుకుని ఉండరు. మేమూ అనుకోలేదు.

ఆఖరిసారి ఆవిడతో మాట్లాడింది ఒక శనివారం, బడి ఒంటిపూట కావడంతో మధ్యాహ్నానికే వెళ్లాను. ఎండ వార్డులోకి పడుతోంది. ఆవిడ ముఖం చిట్లించుకుని ఉన్నారు. నన్ను చూడగానే, "నన్ను కాస్త ఒత్తిగిలి పడుకోబెట్టవే" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నారు. అయినా అర్థం కాలేదు. మా ఇంట్లో దాన్ని కర్వట్ అంటాం. కోట ముట్టడికీ, సొరంగం తవ్వడానికీ, శత్రువుకి లొంగనని శపథం చెయ్యడానికీ నా దగ్గర తెలుగుంది. మంచాన పడ్డ మనిషికి కావలసిన తెలుగు లేదు. సీరియల్లో ఎవరూ అలా పడుకోలేదు మరి. డ్యూటీలో ఉన్న ఛత్తీస్‌గఢీ నర్సు, చిన్నపిల్ల, మంచం అవతల నిలబడి, "దీదీ, అమ్మా కా కహత్ హే?" అని అడుగుతోంది, అమ్మ ఏమంటోందని. నాకు సిగ్గేసింది. "తెలీదు" అన్నాను.

టీచరమ్మ నా వంక చూశారు. విసుక్కోలేదు. కదిలే చేతిని దుప్పటి మీద బోర్లా పెట్టి, మెల్లగా పక్కకి వాల్చి చూపించారు. అర్థమైంది. ఇద్దరం వంగి ఆవిడ భుజాల కింద చేతులు పెట్టాం. ఆవిడ కదలనివ్వలేదు. ఒళ్లు బిగబట్టి, నా ముఖంలోకే చూస్తూ, ఒక్కొక్క అక్షరం విడదీసి, "ఒ-త్తి-గి-లి" అన్నారు. అని ఆగారు.

"ఒత్తిగిలి" అన్నాను.

తల చిన్నగా తిప్పి నర్సు వైపు చూశారు. ఆ పిల్లకి ఏం చెయ్యాలో తోచలేదు. నేను కళ్లతో సైగ చేశాను. "ఒత్... ఒత్తిగిలి" అంది.

అప్పుడు ఒళ్లు వదిలేశారు. ఇద్దరం కలిసి తిప్పాం. ఎంత తేలికగా ఉన్నారో. వీపు వెనక దిండు పెట్టేలోపే కళ్లు మూసుకున్నారు, ముఖం మీద చిట్లింపు పోయింది. నర్సు దుప్పటి సర్ది, పక్క మంచం దగ్గరికి వెళ్తూ, మర్చిపోతానేమోనన్నట్టు లోలోపల ఆ మాటే అనుకుంటోంది. ఒత్తిగిలి, ఒత్తిగిలి.